దేవసేన కత్తి, మన పిన్నీసు

మిరప కోతలు ముగిసి కళ్ళాలు ఖాళీ అవుతున్న రోజుల్లో, 2017 మే నెలలో, గుంటూరులో 'బాహుబలి 2' చూశాను. నాతోపాటు ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. అందరూ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేవాళ్ళే. కూలి స్త్రీల పని పరిస్థితుల మీద చేస్తున్న అధ్యయనం కోసం ఆ ఏడాదంతా వాళ్ళ వెంట తిరుగుతున్నాను. "ఎప్పుడూ మమ్మల్ని ప్రశ్నలడగటమేనా, ఒక్కసారి సినిమాకి తీసుకెళ్ళొచ్చుగా" అన్నారు. సరేనని వెళ్ళాం.

సినిమాలో ఒకచోట గుడి ముందు ఆడవాళ్ళు వరుసలో నిలబడి ఉంటారు. తనిఖీ పేరుతో సేనాధిపతి వాళ్ళ ఒంటిమీద చేతులు వేస్తుంటాడు. దేవసేన వంతు వస్తుంది. వాడి వేళ్ళు తెగి కిందపడతాయి. హాలంతా ఈలలు. నా పక్కన కూర్చున్నావిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తరువాతి దృశ్యం రాజసభలో. సంకెళ్ళతో నిలబెట్టిన దేవసేన దగ్గరికి బాహుబలి వచ్చి ఏం జరిగిందని అడుగుతాడు. ఆమె చెపుతుంది. వేళ్ళు నరకటం పొరపాటనీ, నరకాల్సింది తలనీ తీర్పు చెప్పి, అక్కడికక్కడే తానే నరికేస్తాడు. ఈసారి ఈలలు రెండింతలయ్యాయి. కాని నా పక్కనావిడ కూర్చునే ఉంది. బయటికొచ్చాక ఎందుకని అడిగాను. "ఏళ్ళు చాలమ్మా. తలకాయ దాకా ఎందుకు? వాడి పెళ్ళాం బిడ్డలు ఏమైపోవాల?" అన్నది.

ఆ మాటకి అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ కలిపి, కుదించి, 'బాహుబలి: ది ఎపిక్' పేరుతో మళ్ళీ విడుదల చేసినప్పుడు మరోసారి చూశాను. మళ్ళీ అవే ఈలలు. అప్పుడు తొడిమలు తీసే ఆమె అన్న మాటలో ఎంత ఉందో ఈ ఎనిమిదేళ్ళలో జరిగిన సంగతులన్నీ కలిపి చూసుకుంటే కొంత అర్థమైంది. దాన్ని మీతో పంచుకోవటానికే ఈ వ్యాసం.

హక్కుల గురించి రాసుకునే పత్రికలో ఇలాంటి సినిమా గురించి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. 2015 జూలై 10న మొదటి భాగం, 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చాయి. రెండో భాగం ప్రపంచవ్యాప్తంగా 1000 కోట్ల రూపాయలు దాటి వసూలు చేసిన మొట్టమొదటి భారతీయ చిత్రం. మనం ఏడాదికి ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా, ఎన్ని కరపత్రాలు పంచినా ఇంతమంది దగ్గరికి చేరలేం. ఆడదాని ఒంటిమీద చెయ్యి వేస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్నకి ఇంత గట్టిగా, ఇంత ఆకర్షణీయంగా సమాధానం చెప్పిన తెలుగు సినిమా ఈమధ్య కాలంలో మరొకటి లేదు. ఆ సమాధానం ఏమిటో మనం చూడకపోతే ఎలా?

రెండో భాగం చేసిన మేలు

మామూలు మనిషి చెయ్యలేని పనులు చేసే వీరుడి కథ మనకు కొత్త కాదు. 1951 నాటి 'పాతాళ భైరవి' నుంచి మన జానపద చిత్రాలన్నీ అవే. అమెరికావాళ్ళు సూపర్ హీరో అంటారు, మనం జానపద కథానాయకుడు అన్నాం. శివలింగాన్ని భుజానికెత్తుకునేవాడు, తాటిచెట్లను వంచి వాటి ఊపుతో కోటగోడ దాటేవాడు బాహుబలి. ఇలాంటి కథల్లో రాకుమారి పని ఒక్కటే ఉండేది. అపహరణకు గురికావటం, విడిపించిన వాడిని పెళ్ళి చేసుకోవటం.

ఆ లెక్కన చూస్తే రెండో భాగం నిజంగానే ఒక అడుగు ముందుకు వేసింది. దేవసేన కుంతల రాజ్యపు యువరాణి. కత్తి పట్టటం వచ్చు, మాట్లాడటం అంతకన్నా బాగా వచ్చు. మాహిష్మతి నుంచి భల్లాలదేవుడి తరఫున పెళ్ళి సంబంధం వస్తే తిరస్కరిస్తుంది. అది సంబంధంలా లేదు, ఆజ్ఞలా ఉంది కాబట్టి. బందీగా నిండుసభలో నిలబడి, తన భర్తను ఎంచుకునే హక్కు తనది కాదా అని రాజమాత శివగామినే నిలదీస్తుంది. కన్నవాళ్ళ ఇష్టానికి వ్యతిరేకంగా పెళ్ళి చేసుకున్నందుకు ఆడపిల్లల్ని చంపుతున్న రాష్ట్రాల్లో, కోట్లమంది చూసే సినిమాలో ఈ మాట వినపడటం చిన్న విషయం కాదు. అంతకన్నా ముఖ్యం, కథానాయకుడు తల్లి మాట పక్కనపెట్టి, సింహాసనం వదులుకుని ఆమె నిర్ణయం వైపు నిలబడతాడు. మన సినిమాల్లో తల్లి మాట జవదాటని కొడుకే ఆదర్శ పురుషుడు. ఆ నమూనా ఇక్కడ కొంచెమైనా బీటలు వారింది.

రెండోది, పెళ్ళయ్యాక దేవసేన మెత్తబడదు. మన సినిమాల్లో పెళ్ళికి ముందు పొగరుబోతుగా ఉన్న పిల్ల తాళి పడగానే తల వంచుకుంటుంది. దేవసేన నిండు గర్భంతో, అత్తింటివాళ్ళందరి ఎదుట, సీమంతం రోజునే తన భర్తకు జరిగిన అన్యాయాన్ని ప్రశ్నిస్తుంది. గర్భిణి అంటే కాపాడవలసిన వస్తువుగా కాక ఆలోచించే మనిషిగా కనిపించటం మన తెరమీద అరుదు.

మూడోది శివగామి. రాజ్యం ఏలే స్త్రీని దేవతగానో రాక్షసిగానో చూపటం మనకు అలవాటు. ఈమె రెండూ కాదు. మొదటి భాగంలో తీర్పు చెప్పే గొప్ప పాలకురాలు రెండో భాగంలో తప్పు తీర్పు చెపుతుంది, దాని ఫలితం అనుభవిస్తుంది. తన నోటి నుంచి వచ్చిన మాటే చట్టమనుకునే పాలకులకు పట్టే గతి అది, స్త్రీకైనా పురుషుడికైనా. రమ్యకృష్ణ, అనుష్క ఎదురెదురుగా నిలబడి వాదించుకునే దృశ్యాల్లో చుట్టూ ఉన్న మగవాళ్ళంతా కాసేపు ప్రేక్షకులైపోతారు. యాభై దాటిన స్త్రీకి, పాతికేళ్ళు గొలుసుల్లో గడిపిన స్త్రీకి ఇంత కథ ఇచ్చినందుకు మెచ్చుకోవలసిందే.

మొదటి భాగంతో పోల్చి చూస్తే ఈ మేలు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అందులో అవంతిక ఒక తిరుగుబాటు దళంలో యోధురాలు. ఆమెకు తెలియకుండా ఆమె చేతిమీద బొమ్మలు గీసి, తరువాత పోట్లాటలో ఆమె యోధుల దుస్తులు తొలగించి, జుట్టు విప్పి, ముఖానికి రంగులద్ది, "నువ్వు ఆడదానివి" అని ఆమెకే గుర్తుచేస్తాడు కథానాయకుడు. దాన్ని ప్రేమ అన్నారు. 2015లో పాత్రికేయురాలు అన్నా వెట్టికాడ్ అది ప్రేమ కాదు, బలాత్కారమని రాస్తే పెద్ద దుమారం లేచింది. చిత్రం తీసినవాళ్ళు ఆ విమర్శను ఒప్పుకోలేదు. కాని 2025 కూర్పులో నిడివి తగ్గించటానికి ఆ ప్రేమకథ చాలావరకు తీసేశారు. తీసేసినా కథకు ఏ లోటూ రాలేదు. అంటే ఆ బలవంతం కథకు అవసరమై పెట్టింది కాదు, అలవాటుగా పెట్టింది.

ఎక్కడ జారింది

అవంతిక సంగతి అక్కడితో అయిపోలేదు. దేవసేనను విడిపించటం మొదట ఆమెకు అప్పగించిన పని. శివుడు ఆ పనిని ఆమె చేతిలోంచి తీసుకుని తాను బయలుదేరతాడు. రెండో భాగానికి వచ్చేసరికి ఆమె ఆఖరి యుద్ధంలో ఏవో కొన్ని క్షణాలు కనపడి మాయమైపోతుంది. ఆడదాని పోరాటాన్ని మగవాడు ప్రేమతో తీసేసుకోవటం మనం సంఘాల్లో కూడా చూసిందే. సభకు జనాన్ని పోగుచేసేది ఆడవాళ్ళు, మైకు దగ్గర నిలబడేది ఇంకొకరు.

దేవసేన, శివగామిల తగాదా పూర్తిగా రాజకీయమైనది. పెళ్ళిలో ఎంపిక ఎవరిది, తప్పు చేసినవాడు అధికారంలో ఉంటే శిక్ష ఎవరికి, ఇవి రాజ్యానికి సంబంధించిన ప్రశ్నలు. సినిమా మెల్లగా వీటిని అత్తాకోడళ్ళ పంతాలుగా మార్చింది. కుట్ర పన్నిన బిజ్జలదేవుడు, భల్లాలదేవుడు పక్కనుండగా, హాల్లోంచి బయటికొచ్చినవాళ్ళు "ఆ ఇద్దరు ఆడవాళ్ళ పట్టుదలే రాజ్యాన్ని ముంచింది" అనుకోవటం నా చెవులతో విన్నాను.

చివరికి ఏమైంది? పాతికేళ్ళు పుల్లలు ఏరి పేర్చిన చితికి దేవసేన తన చేత్తోనే నిప్పు పెడుతుంది. బాగుంది. ఆ తరువాత కిరీటం కొడుకు తలమీదికి పోతుంది. కుంతల యువరాణి, ఒక రాజ్యాన్ని అన్యాయంగా పోగొట్టుకున్న మనిషి, తానే ఏలవచ్చు కదా అన్న ఆలోచన ఆ సినిమాలో ఎవరికీ రాదు. శివగామి ఏలింది కూడా పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకానే. అధికారం ఆడవాళ్ళ చేతుల్లో ఉంచిన అప్పులాంటిది. మగపిల్లవాడికి వయసు రాగానే తీర్చెయ్యాలి.

కట్టప్ప సంగతీ చెప్పుకోవాలి. తరతరాలుగా బానిస. ఆజ్ఞ అయితే తాను ఎత్తుకు పెంచినవాణ్ణి కూడా పొడుస్తాడు. దేశమంతా రెండేళ్ళపాటు ఎందుకు చంపాడని అడిగింది కాని, ఆ మనిషి ఎందుకు బానిసగా ఉండాలని అడగలేదు. సినిమా ఆఖరున రాజు మారాడు. బానిసత్వం పోయిందని ఎవరూ చాటలేదు. మొదటి భాగంలో శత్రువులైన కాలకేయులను నల్లగా, భాష లేనట్టు వింత శబ్దాలు చేసేవాళ్ళుగా చూపించిన కళ్ళతోనే ఇదీ చూపించారు. ఎవరి గౌరవం కాపాడదగింది, ఎవరి తల తెగినా ఫరవాలేదు అన్న లెక్క సినిమాలో మొదటినుంచీ ఉంది. మళ్ళీ ఆ సభ దగ్గరికి వద్దాం.

వేళ్ళకీ తలకీ మధ్య

బస్సులో, సినిమా టికెట్ల వరుసలో, తిరనాళ్ళలో పిన్నీసు వాడని ఆడవాళ్ళు మనలో ఎంతమంది? నేను చదువుకునే రోజుల్లో గుంటూరు బస్సెక్కేముందు మా అమ్మ గాజులకు ఒక పిన్నీసు తగిలించేది. ఎందుకో చెప్పేది కాదు. చెప్పక్కర్లేకుండానే తెలిసేది. దేవసేన కత్తి ఆ పిన్నీసుకి అక్క. మీదికొచ్చిన చేతిని అప్పటికప్పుడు ఆపటం ఆత్మరక్షణ. చట్టం కూడా దాన్ని గుర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లు, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు శరీరాన్ని కాపాడుకునే హక్కును ఇస్తున్నాయి. అవసరానికి మించి హాని చెయ్యకూడదన్నది దానికి హద్దు. ఆ హద్దు ఎక్కడో తొడిమలు తీసే ఆమెకు సెక్షన్లు చదవకుండానే తెలుసు.

బాహుబలి చేసింది ఆత్మరక్షణ కాదు. ప్రమాదం దాటిపోయింది, వేళ్ళు తెగినవాడు సభలో నిలబడి ఉన్నాడు. ఇక జరగవలసింది విచారణ. ఆ విచారణలో ఏం జరిగిందో చూడండి. గుడి ముందు దేవసేన కన్నా ముందు వరుసలో నిలబడి ఆ చేతుల్ని భరించిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరినైనా పిలిచి నీకేం జరిగిందమ్మా అని అడగలేదు. ఆ సేనాధిపతిని ఆ పదవిలో పెట్టిన రాజుని సంజాయిషీ అడగలేదు. చివరికి దేవసేన చేసిన పనినే తప్పుగా తేల్చారు. కథానాయకుడి దృష్టిలో ఆమె పొరపాటు ఎదిరించటం కాదు, తక్కువగా ఎదిరించటం. ఒక స్త్రీ తన విచక్షణతో గీసిన గీతను మగవాడు చెరిపేసి, ఇంకా పెద్ద గీత గీశాడు. అప్పటిదాకా ఆమె కథ. ఆ క్షణం నుంచి అతని కథ. మనం ఈల వేసింది ఆ మార్పుకి.

ఇది ఒక్క సినిమాతో ఆగలేదు. 2024 డిసెంబర్‌లో వచ్చిన 'పుష్ప 2'లో కూడా ఆఖరి పోరాటానికి ఒక ఆడపిల్ల మీద దౌర్జన్యం కావలసి వచ్చింది. ఆ పిల్లకి బాధ, కథానాయకుడికి వీరత్వం. రెండో భాగం వచ్చినప్పుడల్లా వీరుడి బలం పెరగాలి, బలం పెరగాలంటే దౌర్జన్యం పెరగాలి. ఇది ఈ రకం కథలకు పట్టిన జబ్బు.

తెర బయట తెగిన తలలు

సినిమాని సినిమాగా చూడాలంటారు. జానపద కథకి భారతీయ న్యాయ సంహిత ఎందుకంటారు. ఒప్పుకుంటాను, మాహిష్మతికి శిక్షాస్మృతి లేదు. కాని ఈలలు వేసింది మాహిష్మతి ప్రజలు కాదు, మనం.

2019 నవంబర్ 27న హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపారు. దిశ అని మనం పిలుచుకుంటున్న అమ్మాయి. డిసెంబర్ 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఆ చోటికి జనం పోయి పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. ఆ రోజే కొందరు స్త్రీల హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు విన్నవించుకుంటే, దేహాలను భద్రపరచమని కోర్టు ఆదేశించింది. ఆ విన్నపం పెట్టినవాళ్ళను సాటి స్త్రీలే తిట్టిపోశారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగింది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ అది చెప్పింది. నేరం రుజువయ్యే అవకాశం ఇక ఎప్పటికీ లేదు. ఆ అమ్మాయికి ఏం జరిగిందో కోర్టులో నిలబడి పూర్తిగా తేలే అవకాశం కూడా ఆ తుపాకులతోనే పోయింది.

మన రాష్ట్ర శాసనసభ అదే నెలలో దిశ బిల్లు ఆమోదించింది. 21 రోజుల్లో దర్యాప్తు, విచారణ పూర్తిచేసి ఉరిశిక్ష వెయ్యాలన్నది దాని సారం. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. నేను ఆ రోజుల్లో మాట్లాడిన ఆడవాళ్ళలో చాలామందికి కావలసింది ఉరి కాదు. స్టేషన్లో ఫిర్యాదు రాసుకోవాలి, రాసుకునేటప్పుడు "నువ్వెందుకు పోయావు అక్కడికి" అని అడగకూడదు, అంతే. తల నరికే చట్టం రాయటం తేలిక. ఫిర్యాదు రాసుకునే స్టేషను తయారుచెయ్యటమే కష్టం.

ఇంకా వెనక్కి, ఇంకా దగ్గరికి వెళ్దాం. 1991లో నేను బడిపిల్లని. మా ఇంట్లో పెద్దవాళ్ళు చుండూరు పేరు గొంతు తగ్గించి పలికేవారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో గొడవ పెద్దదవటానికి ఒక కారణం సినిమా హాల్లో జరిగిన సంఘటనే. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రవర్ణ యువకుడికి తగిలింది. ఆ తరువాత సాంఘిక బహిష్కరణ, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ హత్యలకు సమర్థనగా చెప్పిన మాటల్లో ఒకటి, వాళ్ళు మా ఆడవాళ్ళని అల్లరిపెడుతున్నారన్నది. అగ్రవర్ణ స్త్రీలు కూడా ముందుకొచ్చి ఆ మాట అన్నారు. వసంత్ కన్నబిరన్, కల్పనా కన్నబిరన్ ఆ ఏడాదే రాసిన వ్యాసంలో కులాన్నీ స్త్రీపురుష సంబంధాలనూ విడివిడిగా చూడలేమని చెప్పటానికి చుండూరు ఒక ముఖ్యమైన కారణం. స్త్రీల ఉద్యమానికి అది చేదు పాఠం. స్త్రీల మీద వేధింపుకి వ్యతిరేకంగా మనం తయారుచేసుకున్న మాటలే దళితుల హత్యలకు సమర్థనగా వాడుకున్నారు.

తరువాత ఏమైంది? దళితుల పట్టుదల వల్ల ప్రత్యేక కోర్టు చుండూరులోనే ఏర్పడింది. 2007లో 21మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 23 ఏళ్ళు సాక్ష్యం చెప్పిన స్త్రీలు, భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న స్త్రీలు, ఖాళీ చేతులతో మిగిలారు. వాళ్ళు ఎవరి తలా నరకలేదు. సభకు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. సభే వాళ్ళని వినలేదు.

ఇప్పుడు అర్థమయిందా, ఆడదాని గౌరవం పేరుతో తల నరకటం అన్న సూత్రం ఎవరి చేతిలో పడితే ఎవరి మెడ మీదికి పోతుందో? సినిమాలో అది సేనాధిపతి మెడ. బయట సేనాధిపతుల మెడలు భద్రంగానే ఉంటాయి. తెలుగు చిత్ర పరిశ్రమలోనే చూడండి. 2018లో అవకాశాల పేరుతో జరిగే లైంగిక వేధింపుల గురించి ఆడవాళ్ళు రోడ్డుమీదికి వచ్చాక తెలంగాణ ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. 2022లో దాని నివేదిక ప్రభుత్వానికి అందింది. దాన్ని బయటపెట్టమని 2024 ఆగస్టులో కూడా ఇంకా అడగవలసి వచ్చింది. తెరమీద తల నరికే పరిశ్రమ తన ఇంట్లో ఒక నివేదిక తెరిపించలేకపోయింది.

మాహిష్మతి నుంచి అమరావతికి

మన ప్రాంతం వాళ్ళకి ఈ సినిమాతో ఇంకొక బంధం ఉంది. 2017లో రెండో భాగం విజయం తరువాత అప్పటి ముఖ్యమంత్రి అమరావతి శాసనసభ భవనాల నమూనాల విషయంలో దర్శకుడు రాజమౌళి సలహా కోరారు. ఆయన లండన్ వెళ్ళి నార్మన్ ఫోస్టర్ సంస్థవాళ్ళతో మాట్లాడి వచ్చారు. తాను రూపకర్తని కాననీ, సాయం మాత్రమే చేస్తున్నాననీ ఆయనే చెప్పారు. సభ మధ్యలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఆలోచన ఆయనది. ఆయన్ని తప్పుపట్టను. కాని రాజధాని అనగానే పాలకులకు మాహిష్మతి గుర్తుకు రావటంలో ఒక అర్థం ఉంది. ఎత్తైన మెట్లు, పైన ఒక్కడు, కింద జయజయధ్వానాలు చేసే జనం.

ఆ జనం ఎవరు? సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చిన రైతుల కుటుంబాలు. ఆ పొలాల్లో పత్తి తీసి, మిరప కోసి బతికిన, ఇవ్వటానికి భూమే లేని కూలి స్త్రీలు. రెండో రకం వాళ్ళకి మొదట దక్కింది నెలకు 2500 రూపాయల పింఛను. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే ఈ ఊళ్ళ ఆడవాళ్ళు టెంట్లలో కూర్చున్నారు. 2024 జూన్ దాకా, నాలుగున్నరేళ్ళు, ఆ ఉద్యమానికి ముందు వరుసలో ఉన్నది వాళ్ళే. దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు, 2021లో తుళ్ళూరు నుంచి తిరుపతికి నడిచారు. 2022 మార్చి 3న హైకోర్టు వాళ్ళ వాదన విన్నది. భూమి ఉన్న స్త్రీల గొంతు వినపడినంత కూలి స్త్రీల గొంతు ఆ ఉద్యమంలో వినపడలేదని నాకు అసంతృప్తి ఉంది. ఆ మాట అక్కడి మిత్రులతో ముఖాముఖే చెప్పాను. అయినా చూడండి, ఇంటిపనే తెలిసిన ఆడవాళ్ళు ఏ వీరుడి భుజాల మీదా ఎక్కకుండా సభ దాకా నడిచి వెళ్ళి, తమ మాట తామే చెప్పారు. దేవసేన మొదటిసారి సభలో నిలబడ్డప్పటి ధైర్యం అది.

శిబిరాల్లో ఏం చెయ్యవచ్చు

ఈ సినిమాని చూడవద్దని నేననను. 70లలో, 80లలో మన అక్కలు అశ్లీల పోస్టర్ల మీద తారు పూశారు. అప్పటికి అది అవసరం. దేవసేన మీద తారు పూయక్కర్లేదు. ఆమెను సగంలో వదిలేశారు, మనం కొనసాగించాలి. నేను ఈమధ్య శిక్షణ శిబిరాల్లో ఇలా చేస్తున్నాను. గుడి ముందు దృశ్యం చూపించి, వేళ్ళు తెగగానే ఆపేస్తాను. తరువాత ఏం జరగాలి అని అడుగుతాను. సినిమా చూసినవాళ్ళు మొదట "తల నరకాలి" అంటారు. కాసేపు ఆగితే వేరే మాటలు వస్తాయి. ముందు వరుసలో ఉన్నవాళ్ళు కూడా వచ్చి చెప్పాలి అంటారు. అసలు తనిఖీ ఆడవాళ్ళే చెయ్యాలి అంటారు. వాణ్ణి ఆ పనిలో పెట్టిన పెద్దమనిషిని అడగాలి అంటారు. ఒకసారి ఒక పాలకేంద్రంలో పనిచేసే అమ్మాయి, "ఆమె రాణి కాబట్టి బతికింది, నేనైతే?" అన్నది. ఆ రోజు శిబిరమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. పదిమంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలన్న విషయం అక్కడున్న ఇరవైమందిలో ఇద్దరికే తెలుసు. కమిటీ అన్న మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, దేవసేనకి ఒక కమిటీ ఉంటే అన్నప్పుడు ఎక్కింది.

'ది ఎపిక్' వచ్చినప్పుడు నా వెంట ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు వచ్చారు. ఇద్దరు పని మానేశారు, ఊపిరితిత్తుల జబ్బు. ఒకామె ఇప్పుడు ముఠా మేస్త్రీ. తల తెగినప్పుడు ఈసారి ఆమె ఈల వేసింది. నేను ఆశ్చర్యపోయి చూస్తే, "సినిమాలో వేస్తానమ్మా. మా గోడౌన్లో అయితే ముందు మా వాళ్ళందర్నీ కూర్చోబెట్టి అడుగుతా, ఎవరెవరికి జరిగిందని" అన్నది. మూడేళ్ళ కిందట అలా అడిగే ఒకణ్ణి పనిలోంచి తీయించిందట.

మీ ఊళ్ళో, మీ సంఘంలో, మీరు పనిచేసే చోట ఇలాంటి విచారణలు ఎలా జరుగుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో రాయండి. గెలిచినవే కాదు, ఓడినవీ రాయండి. తల నరికిన కథలు మనకు చాలానే ఉన్నాయి. వరుసలో ముందు నిలబడ్డ ఆడవాళ్ళు నోరు విప్పిన కథలు మాత్రం మనమే రాసుకోవాలి.